సముద్రంలో పోసిన పూడిక అక్కడే ఉందని ఎలా తెలుస్తుంది?

రేవులో తీసిన పూడికను సముద్రంలో పోశాక అది అక్కడే ఉందో, కొట్టుకుపోయిందో ఎలా తేలుస్తారని అడిగారు. న్యూయార్క్ రేవు బయట, న్యూజెర్సీ తీరానికి దగ్గరలో కొన్ని వేసవులు సర్వే పడవ మీద పనిచేసినవాడిగా చెబుతున్నాను.

అక్కడ దశాబ్దాలుగా పూడిక పోసిన ‘మడ్ డంప్ సైట్’ను 1997లో మూసివేసి, దానినీ చుట్టుపక్కల కలుషితమైన సముద్రపు అడుగునూ కనీసం 1 మీటరు మందాన శుభ్రమైన పూడికతో కప్పాలని నిర్ణయించారు. యూఎస్ జియలాజికల్ సర్వే 1996, 1998, 2000లలో ఆ ప్రాంతాన్ని మల్టీబీమ్ సోనార్‌తో కొలిచింది. అది పడవ కింద విసనకర్రలా ధ్వనిని పంపి, తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి లోతు లెక్కగట్టే పరికరం. ఒక ఏటి లోతుల్లోంచి మరో ఏటి లోతులు తీసివేస్తే ఎక్కడ పెరిగిందో, ఎక్కడ తరిగిందో పటం మీద కనిపిస్తుంది.

తీసివేత సులభమే, చిక్కంతా ఆ తేడాను నమ్మడంలో ఉంది. ధ్వని సముద్రపు నీటిలో సెకనుకు దాదాపు 1500 మీటర్లు పోతుంది గానీ, ఆ వేగం నీటి వేడినీ ఉప్పదనాన్నీ బట్టి మారుతుంది. ఒక ఆగస్టులో, ఉదయం తీసిన ధ్వనివేగపు కొలతనే మధ్యాహ్నం దాకా వాడాను. ఈలోగా పైపొర వేడెక్కడంతో చదునైన నేల పడవ నడిచిన ప్రతి వరుసలోనూ అంచులు పైకి లేచి, నవ్వుతున్న పెదవిలా వచ్చింది. సగం రోజు పని మళ్లీ చేయవలసి వచ్చింది. ఒక్కో సర్వేలో 15 సెంటీమీటర్ల అనిశ్చితి ఉంటే రెండింటి తేడాలో అది (వర్గాలు కూడి వర్గమూలం తీస్తే) సుమారు 21 అవుతుంది కనుక, 10 సెంటీమీటర్ల తరుగు చూపించి మట్టి కొట్టుకుపోయిందంటే నేను ఒప్పుకోను.

తరుగు నిజమే అయినా నీటి కోతే కారణం కానక్కరలేదు. బార్జి (పూడిక మోసే పడవ) నుంచి జారిన బురదలో నీరు చాలా ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ ఆ నీరు పిండుకుపోయి, కొత్తగా వేసిన గడ్డివాములా కుప్ప కుంగుతుంది, దాని బరువుకు కింది నేల కూడా అణుగుతుంది. అందుకే లోతుతో పాటు తిరిగివచ్చిన ధ్వని బలాన్ని, అంటే బ్యాక్‌స్కాటర్‌ను కూడా చూస్తాం. ఇసుక, రాళ్లు ధ్వనిని గట్టిగా తిప్పి పంపుతాయి, మెత్తని బురద బలహీనంగా పంపుతుంది. ఇసుకతో కప్పిన చోట బురద ఛాయ కనిపిస్తే గ్రాబ్ (మట్టిని పట్టి తెచ్చే ఇనుప దోసిలి) దించి మట్టి పైకి తీస్తాం. కుప్ప అంచుల్లో నాలుగైదు సెంటీమీటర్ల మందాన పరచుకున్న బురదను మాత్రం లోతుల తేడా పట్టుకోలేదు. దానికి మట్టిలోకి దిగి పొరల ఫోటో తీసే కెమెరా కావాలి.

మీ చేతిలోని నివేదికలో తేడా పటం ఒక్కటే ఉంటే, ఆ రెండు సర్వేల అనిశ్చితి ఎంతో, చివరి బార్జి ఎప్పుడు పోసిందో ముందు అడిగి తెలుసుకోండి.