నటులున్నారు, దర్శకుడున్నాడు. నాటక సమాజం నడపడానికి ఇంకెవరు కావాలి?

మీ స్నేహితుల్లో బాగా నటించేవాళ్లు ఉన్నారని, ఒకరికి దర్శకత్వం మీద పట్టుందని, ఉద్యోగాలు చేసుకుంటూనే నాటక సమాజం పెట్టాలనుకుంటున్నారని రాశారు. చాలా ఏళ్లుగా నేను ఇలాంటి సమాజంలోనే ఉన్నాను. వేషాలూ వేశాను గానీ ఎక్కువ కాలం గడిపింది తెర వెనకే. నా మాట వింటే ఇంకో నటుడి కోసం చూడకండి. ముందు మంచి స్టేజీ మేనేజర్‌ని వెతకండి.

మా సమాజంలో ఆ బాధ్యత చూసే మేడమ్ పగలు బ్యాంకులో పనిచేస్తారు. రిహార్సల్‌కి ఆవిడ పెద్ద నోటుబుక్కుతో వస్తారు. ఒక పేజీకి నాటకం కాగితం అంటించి ఉంటుంది, దాని పక్క పేజీ ఖాళీగా ఉంటుంది. ఎవరు ఏ డైలాగు దగ్గర లేవాలి, ఎటు నడవాలి, ఏ మాట చివర లైటు మారాలి, తలుపు చప్పుడు ఎక్కడ వినపడాలి, అన్నీ ఆ ఖాళీ పేజీలో పెన్సిల్‌తో రాసుకుంటారు. పెన్సిలే ఎందుకంటే, ఈ వారం ఖాయం చేసిన నడకని దర్శకుడు వచ్చే వారం మార్చేస్తాడు. ప్రదర్శన రోజు ఆవిడకి జ్వరం వచ్చినా, ఆ పుస్తకం పట్టుకుని ఇంకొకరు నాటకం నడిపించగలగాలి. అంత వివరంగా ఉంటుంది.

రిహార్సల్స్‌కి ఎవరెప్పుడు రావాలో చూసేది కూడా ఆవిడే. పాత్రల పేర్లు ఒక వైపు, రంగాలు ఇంకో వైపు వేసి, ఎవరు ఏ రంగంలో ఉన్నారో పట్టిక గీస్తారు. దాన్నిబట్టి ఆ రోజు పని ఉన్నవాళ్లనే పిలుస్తారు. ఇది చిన్న విషయం కాదండి. ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చిన మనిషిని రెండు గంటలు ఊరికే కూర్చోబెట్టి, చివర్లో ఒక్క డైలాగు చెప్పించి పంపిస్తే, ఆ మనిషి రెండోసారి రావడం కష్టం. సమాజాలు చెదిరిపోయేది పెద్ద గొడవల వల్ల అనుకుంటాం గానీ, ఇలా నెమ్మదిగా మనుషులు రావడం మానేయడం వల్లే ఎక్కువని నా అనుభవం.

ఇంకో సంగతి చెప్పాలి. తెర పక్కన ప్రాపర్టీస్, అంటే నాటకంలో నటులు వాడే వస్తువులు, పెట్టే బల్ల మీద ఆవిడ తెల్ల కాగితం పరిచి, ఒక్కో వస్తువు చుట్టూ మార్కర్‌తో గీత గీసి, లోపల దాని పేరు రాస్తారు. కళ్లజోడు, తాళంచెవి, ఉత్తరం, గ్లాసు. ఒకసారి రెండో అంకానికి ముందు బల్ల వైపు చూస్తే ఉత్తరం చోటు ఖాళీగా ఉంది. ఆ అంకమంతా ఆ ఉత్తరం మీదే నడుస్తుంది. మొదటి అంకంలో వేసుకున్న కోటు జేబులోనే నటుడు దాన్ని మర్చిపోయాడు. తెర లేవకముందే అది బల్ల మీదికి వచ్చింది. హాల్లో ఎవరికీ ఏమీ తెలియలేదు.

స్టేజీ మేనేజర్ తర్వాత, ఆఖరి మాట ఎవరిదో ముందే తేల్చుకోండి. రష్యాలో మాస్కో ఆర్ట్ థియేటర్ అనే నాటక సంస్థ పెట్టడానికి ముందు, 1897లో, దాని స్థాపకులు, నటుడూ దర్శకుడూ అయిన స్తానిస్లావ్‌స్కీ, నాటక రచయిత నెమిరోవిచ్ దాంచెంకో ఇద్దరూ కూర్చుని దాదాపు 18 గంటలు మాట్లాడుకున్నారు. సాహిత్యం విషయంలో నెమిరోవిచ్ దాంచెంకో వద్దంటే వద్దు, ప్రదర్శన విషయంలో స్తానిస్లావ్‌స్కీ వద్దంటే వద్దు అని పంచుకున్నారు. స్తానిస్లావ్‌స్కీ కూడా అంతకు ముందు ఔత్సాహికులతో సమాజం నడిపినవాడే. మీ స్థాయిలో దీని అర్థం ఏంటంటే, దర్శకుడి చేతిలో డబ్బు పెట్టకండి, కోశాధికారి చేత పాత్రలు పంచించకండి. సెట్టు కోసం ఇంకాస్త ఖర్చు పెడదామని దర్శకుడు అడుగుతాడు, అడగాలి కూడా. లేదని చెప్పడానికి వేరే మనిషి ఉండాలి. కమిటీలో వాళ్ల ఇంట్లోవాళ్లకే మంచి పాత్రలు దక్కుతున్నాయన్న మాట ఒక్కసారి బయటికొస్తే, కొత్తవాళ్లు ఇక మీ గుమ్మం తొక్కరు.

కార్యదర్శి పని హాలు బుకింగ్, అనుమతులు, ఉత్తరాలు. నాటకానికి కాపీరైటు ఉంటే హక్కుదారుల నుంచి రాతపూర్వకంగా అనుమతి రాకుండా టికెట్లు అచ్చు వేయించవద్దు.

టెక్నికల్ రిహార్సల్ రోజు మాత్రం దర్శకుణ్ని కాస్త ఆపాలి. ఆ రోజు లైట్లు, శబ్దాలు చూసే మనుషులది. ఒక మార్పు నుంచి ఇంకో మార్పుకి గెంతుతూ, మధ్యలో డైలాగులు వదిలేసి పోతాం. నటులకి విసుగ్గా ఉంటుంది. దర్శకుడు ఆగలేక నటన దిద్దడం మొదలుపెడితే, లైట్ల పని సగంలో ఆగిపోయి ప్రదర్శన నాడు అందరికీ టెన్షనే. ‘ఇవాళ కాదండీ, రేపు’ అని ఆయనతో చెప్పగల ధైర్యం స్టేజీ మేనేజర్‌కి ఉండాలి.

అలాంటి మనిషి ఎక్కడ దొరుకుతారంటే, ఆడిషన్‌కి వచ్చి పాత్ర దొరకని వాళ్లలో చూడండి. చెప్పిన టైముకి వచ్చారా, చేతిలో కాగితం, పెన్ను ఉన్నాయా, వేరేవాళ్లు చదువుతున్నప్పుడు శ్రద్ధగా విన్నారా గమనించండి. మర్నాడే ఫోన్ చేసి, మీకు వేషం ఇవ్వలేకపోయాం గానీ మీరు మాకు కావాలి అని చెప్పండి. మా మేడమ్ మాకు దొరికింది అలాగే.