టెక్ సందేహాలు: మూడు యాప్‌లలో ముగ్గురు శుక్రులు

ప్రశ్న: మా అమ్మాయి కూచిపూడి నేర్చుకుంటోంది. ఒకే తేదీ, ఒకే సమయం, ఒకే ఊరు ఇచ్చి మూడు యాప్‌లలో జాతకం తీశాను. మొదటిది కళలకు కారకుడైన శుక్రుడు మీనంలో ఉచ్చలో (అత్యధిక బలం ఉండే రాశిలో) ఉన్నాడని, కళల్లో రాణిస్తుందని చెప్పి, రెండు పేజీల తర్వాత నవాంశలో (రాశిని తొమ్మిది భాగాలు చేసి వేసే చక్రంలో) నీచపడ్డాడు (బలం కోల్పోయాడు) కాబట్టి కళాభిరుచి నిలవదని రాసింది. రెండోది విదేశీ యాప్. అందులో శుక్రుడు మేషంలో ఉన్నాడు. మూడోదానిలో రాశి మీనమే గాని నవాంశ తుల, అంటే స్వక్షేత్రం (శుక్రుడి సొంత రాశి). ఏ యాప్‌లో లోపం ఉంది?
– విజయనగరం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మూడింటిలో దేనిలోనూ గణన లోపం ఉండనక్కరలేదు. జాతక సాఫ్ట్‌వేర్‌లలో చాలా భాగం గ్రహస్థితుల కోసం స్విస్ ఎఫెమెరిస్ అనే లైబ్రరీని వాడుకుంటాయి. స్విట్జర్లాండ్‌లోని ఆస్ట్రోడీన్‌స్ట్ సంస్థ 1997లో విడుదల చేసిన ఈ లైబ్రరీకి నాసా వారి జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ లెక్కలే ఆధారం కనుక, ఆ రోజున శుక్రుడు ఆకాశంలో ఎక్కడ ఉన్నాడన్న విషయంలో రాశి మారిపోయేంత పొరపాటు జరగదు. భేదమంతా ఆ స్థానాన్ని ఎక్కడి నుంచి కొలవాలన్న దగ్గర వస్తుంది.

విదేశీ యాప్ సాయన పద్ధతిలో వసంత విషువత్తు (వసంతంలో పగలు, రాత్రి సమానమైనప్పుడు సూర్యుడు ఉండే బిందువు) నుంచి కొలుస్తుంది. మన పంచాంగాలు నిరయన పద్ధతిలో నక్షత్రాలను ఆధారం చేసుకుని కొలుస్తాయి. ఈ రెండింటి నడుమ ఉన్న దూరమే అయనాంశ. అది ఏటా సుమారు 50 వికలల (డిగ్రీలో 3600వ వంతు ఒక వికల) చొప్పున పెరుగుతూ, లాహిరి లెక్కలో ఇప్పటికి 24 డిగ్రీలు దాటింది. రాశి నిడివి 30 డిగ్రీలే కాబట్టి, ఏ గ్రహాన్ని తీసుకున్నా ఐదు సందర్భాల్లో నాలుగింట సాయన రాశి వేరు, నిరయన రాశి వేరు అవుతాయి. మీ అమ్మాయి శుక్రుడు లాహిరి ప్రకారం మీనంలో 9.5 డిగ్రీల దగ్గర ఉన్నాడనుకుంటే, సాయనంలో అదే స్థానం మేషంలో 3.5 డిగ్రీలు అవుతుంది. మన శాస్త్రంలో మీనం శుక్రుడికి ఉచ్చ. పాశ్చాత్య సంప్రదాయంలో మేషం అతనికి బలం తగ్గే రాశి. ఒకే గ్రహం, ఒకే క్షణం, రెండు తీర్పులు.

మూడో యాప్ సంగతి ఇంతకన్నా సూక్ష్మమైనది. నిరయనంలోనూ అయనాంశలు ఒకటికి మించి ఉన్నాయి. మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ పంచాంగ సంస్కరణ సంఘం 1955 నాటి నివేదికలో చిత్రపక్ష అయనాంశను తీసుకుంది. ఆ సంఘానికి కార్యదర్శిగా పనిచేసిన ఎన్.సి. లాహిరి పేరుతోనే సాఫ్ట్‌వేర్‌లు దానిని పిలుస్తున్నాయి. జ్యోతిష్కుడు బి.వి. రామన్ పేరిట ఉన్న అయనాంశ దానికంటే దాదాపు 1.4 డిగ్రీలు తక్కువ. మీ మూడో యాప్‌లో రామన్ ఎంపిక చేసి ఉంటే, 9.5 డిగ్రీల దగ్గరున్న శుక్రుడు 10.9 డిగ్రీలకు జరుగుతాడు. రాశి మారదు, కానీ నవాంశ అంటే రాశిలో తొమ్మిదో వంతు కదా, మీనంలో కన్యా నవాంశ సరిగ్గా 10 డిగ్రీల దగ్గర ముగిసి తులా నవాంశ మొదలవుతుంది. కన్య శుక్రుడికి నీచ, తుల స్వక్షేత్రం. ఇలాంటి మార్పు అరుదేమీ కాదు: లాహిరి నుంచి రామన్‌కు మారితే రాశి మారే అవకాశం ఇరవైలో ఒక వంతే గాని, నవాంశ మారే అవకాశం నూటికి నలభై దాటుతుంది.

ఇక మొదటి యాప్ తనను తానే ఖండించుకోవడానికి కారణం దాని నిర్మాణంలోనే ఉంది. అటువంటి నివేదికలలో ‘శుక్రుడు మీనంలో’ అన్న గడికి ఒక పేరా, ‘నవాంశలో కన్య’ అన్న గడికి ఇంకొక పేరా ముందే రాసి పెట్టి ఉంటాయి. లెక్క తేలగానే సంబంధిత పేరాలను వరుసగా అతికిస్తారు. ఉచ్చ గ్రహం నవాంశలో నీచపడితే ఫలితం ఎలా ఉంటుందన్నది జ్యోతిష్కుడు తూచి చెప్పవలసిన మాట. కళాభిరుచి విషయంలో అతడు శుక్రుడితో పాటు పంచమాన్ని (జాతకంలో ఐదో భావాన్ని, అంటే ఐదో ఇంటిని), వాక్కు, రచనల కోసం ద్వితీయాన్ని, బుధుడిని కూడా చూస్తాడు. అతికించే ప్రోగ్రాంకు ఆ తూకం తెలియదు.

మీరు చేయవలసిన పని: మూడు యాప్‌ల సెట్టింగ్స్‌లో నిరయనం, లాహిరి అయనాంశ ఎంచుకుని మళ్లీ తీయండి. గ్రహ స్ఫుటాలు (గ్రహాలు ఉన్న కచ్చితమైన డిగ్రీలు) కలిస్తే లెక్క సరైనదే. ఫలితాల పేరాలను మాత్రం ఏ సెట్టింగూ సరిచేయలేదు. 1985లో ‘నేచర్’ పత్రికలో షాన్ కార్ల్‌సన్ ప్రచురించిన పరీక్షలో, జాతకచక్రాన్ని బట్టి ఆ వ్యక్తి స్వభావ వివరాలను గుర్తించడంలో జ్యోతిష్కులు యాదృచ్ఛికంగా ఎంచినదానికంటే మెరుగ్గా చేయలేకపోయారు. అమ్మాయి నాట్యం గురించి నాట్యం నేర్పే గురువుగారిని అడగడమే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: మా బాబు 2006 మార్చి 20న డల్లాస్‌లో పుట్టాడు. హైదరాబాద్‌లో ఉన్న మా మామగారు ఫోన్‌లో తీసిన జాతకంలో శుక్రుడి రాశి మాకు వచ్చిన రాశే. కానీ మాకు పంచమంలో ఉన్న శుక్రుడు ఆయనకు దశమంలో ఉన్నాడు.
– డల్లాస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: శుక్రుడు రోజుకు సుమారు 1.2 డిగ్రీలు మాత్రమే కదులుతాడు. లగ్నం, అంటే ఆ సమయానికి తూర్పున ఉదయించే స్థానం, సుమారు రెండు గంటలకొక రాశి దాటుతుంది. భావాలను లెక్కించేది దాని నుంచే. అందువల్ల సమయంలో తేడా వచ్చినప్పుడు గ్రహం సాధారణంగా అదే రాశిలో ఉండి, భావం మారిపోతుంది. ఆయన యాప్ పుట్టిన ఊరి కాలమానం బదులు ఫోన్‌లోని భారత కాలమానాన్ని (గ్రీనిచ్ కాలానికి ప్లస్ 5:30) తీసుకుని ఉంటుంది. ఊరు డల్లాస్ అని పెట్టిన తర్వాత టైమ్ జోన్ గడిని కూడా విడిగా చూడమనండి. మీ బాబుకు అది మైనస్ 6 ఉండాలి. అమెరికాలో వేసవి కాలమానం మార్చి రెండో ఆదివారం నుంచి మొదలవుతున్నది 2007 నుంచే. 2006లో అది ఏప్రిల్ మొదటి ఆదివారం వచ్చింది కనుక, ఇప్పటి నియమాన్నే వెనక్కి వర్తింపజేసే యాప్ మైనస్ 5 చూపి గంట తప్పుతుంది. ఇదే జాగ్రత్త ఇంట్లో పెద్దవారికీ అవసరం: రెండో ప్రపంచ యుద్ధం కారణంగా 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు వరకు మన దేశంలోనూ గడియారాలు గంట ముందుకు జరిగి ఉన్నాయి.

ప్రశ్న: చక్రంలో శుక్రుడి పక్కన 5 అంకె ఉంది. అది పంచమమేనా?
– నిజామాబాద్

జవాబు: కాదు. మీకు వచ్చింది ఉత్తరాది చక్రం. అందులో అంకె రాశిని సూచిస్తుంది, 5 అంటే సింహం. భావాన్ని గడి ఉన్న చోటును బట్టి లెక్కించాలి. సెట్టింగ్స్‌లో దక్షిణాది చక్రం ఎంచుకుంటే మనకు అలవాటైన రూపం వస్తుంది.

ప్రశ్న: నేను కథలు రాస్తాను. ఒక చాట్‌బాట్‌కు పుట్టిన వివరాలు ఇస్తే ‘రవి మేషంలో, బుధుడు మిథునంలో, శుక్రుడు తులలో, నెప్ట్యూన్ పంచమంలో ఉన్నందున మీకు అసాధారణ సృజనశక్తి ఉంది’ అని చెప్పింది. నమ్మవచ్చా?
– తిరుపతి

జవాబు: ఆ వాక్యంలోనే రెండు అసాధ్యాలు ఉన్నాయి. భూమి నుంచి చూసినప్పుడు బుధుడు రవికి సుమారు 28 డిగ్రీలు, శుక్రుడు సుమారు 47 డిగ్రీలు మించి దూరం వెళ్లరు. రవి మేషంలో ఉంటే బుధుడు మీనం, మేషం, వృషభాలలోనే ఉండాలి; శుక్రుడు మహా అయితే కుంభం నుంచి మిథునం వరకు. తులకు చేరే మార్గమే లేదు. విడిగా గణన పరికరం జోడించని చాట్‌బాట్ గ్రహస్థితులను లెక్కించదు. అలాంటి నివేదికల్లో తరచుగా కనిపించే మాటలను కూర్చి ఇస్తుంది.

నెప్ట్యూన్ విషయానికి వస్తే, అది 1846లో కనుగొన్న గ్రహం. మన ప్రాచీన జాతక గ్రంథాల్లో దానికి ఫలితమే లేదు. ఊహాశక్తికి దానిని కారకంగా చెప్పడం ఆధునిక పాశ్చాత్య పద్ధతి. పైగా అది ఒక్కో రాశిలో 14 ఏళ్ల దాకా ఉంటుంది కనుక, రాశిని బట్టి చెబితే మీ తరగతి గది మొత్తానికీ ఒకే ఊహాశక్తి రావాలి.

చాట్‌బాట్‌తో చర్చించాలనే కోరిక ఉంటే, ముందుగా విండోస్‌లో ఉచితంగా లభించే ‘జగన్నాథ హోర’ వంటి సాఫ్ట్‌వేర్‌తో స్ఫుటాలు తీసి, వాటిని మాత్రమే అతికించి, ‘ఈ స్థితులను మార్చకుండా వివరించు’ అని అడగండి. పేరు, పుట్టిన తేదీ, ఊరు ఇవ్వనవసరం లేదు. బ్యాంకులు ఫోన్‌లో మిమ్మల్ని నిర్ధారించుకోవడానికి అడిగే వివరాల్లో పుట్టిన తేదీ కూడా ఉంటుంది.