పాప కోసం క్వార్టర్ హార్స్ కొనొచ్చా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఆబ్రీ దగ్గర ఉంటాం. పాపకు పదమూడేళ్లు. రెండేళ్లుగా గుర్రపు స్వారీ నేర్చుకుంటోంది. పక్క ఊళ్లో ఒకాయన తొమ్మిదేళ్ల క్వార్టర్ హార్స్, గెల్డింగ్ (విత్తులు తీసిన మగ గుర్రం), 9,000 డాలర్లకు ఇస్తానంటున్నారు. దాన్ని వేరేవాళ్ల శాలలో ఉంచి మేపడానికి, అంటే బోర్డింగ్‌కు, నెలకు 750. మా దగ్గర 22,000 ఉంది, ఇంటి ఖర్చు నెలకు 5,500. మావారిది హెచ్-1బి వీసా. గుర్రం ఖర్చు ట్యాక్సులో చూపించుకోవచ్చని ఫ్రెండ్ అంటోంది. కొనమంటారా?

జవాబు: అమ్మా, ఇప్పుడే కొనకండి. గుర్రం విషయంలో పేచీ లేదు. పావు మైలు పరుగుతో పేరు తెచ్చుకున్న జాతి అయినా క్వార్టర్ హార్స్‌ది నెమ్మదైన స్వభావం, తొమ్మిదేళ్లంటే కుదురుకున్న వయసు. నా భయమంతా మీ 22,000 గురించే.

బోర్డింగ్ 750. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కి లాడాలు కొట్టించాలి, దానికి నెలకు వంద వేసుకోండి. టీకాలు, నులిపురుగుల మందు, పళ్లు అరగదీయించడం కలిపి 75. స్వారీ క్లాసులు 240. మొత్తం 1,165, అంటే ఏడాదికి దాదాపు 14,000. గుర్రం ధర కంటే ఒక్క ఏడాది పోషణే ఎక్కువ. గుర్రాలు పాతికేళ్లు, ముప్పై ఏళ్లు బతుకుతాయి. పాప కాలేజీకి వెళ్లే నాటికి దీనికి పద్నాలుగేళ్లే.

ఇక హెచ్-1బి. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండటానికి మీకుండేది గరిష్ఠంగా 60 రోజులు. గుర్రం, జీను, పశువుల డాక్టర్ పరీక్ష కలిపి 11,000 పోతే మిగిలింది రెండు నెలల ఇంటి ఖర్చు. ఆ హడావుడిలో గుర్రాన్ని మంచి ధరకు, మంచి చేతుల్లో పెట్టడం కుదిరే పని కాదు. మధ్యలో గుర్రానికి కడుపునొప్పి వచ్చి ఆపరేషన్ అంటే ఒక్కరోజులో పదివేలు దాటొచ్చు.

ఆ అమ్మే ఆయన్నే అడగండి, ఆరు నెలలు సగం లీజుకు ఇస్తారేమో. వారానికి మూడు రోజులు పాపది, ఖర్చులో మీ వాటా మాత్రమే మీది. ఆయన కాదంటే క్లాసులు చెప్పే చోట అడగండి. లీజుకు పోను 1,165లో మిగిలినదాన్ని ప్రతి నెలా విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో వేయండి. ఆరు నెలలు ఇబ్బంది పడకుండా వేయగలిగితే, ఇంటి ఖర్చుకు ఆరు నెలల డబ్బు, అంటే 33,000, ముట్టుకోకుండా పక్కన ఉంటే, అప్పుడు కొనండి.

కొనే రోజున డాక్టర్‌ను మీరే ఎంచుకోండి, అమ్మేవారి డాక్టర్ వద్దు. ముందు కాళ్ల గిట్టలకు ఎక్స్‌రే తీయించండి, ఈ జాతికి అక్కడే తరచూ ఇబ్బంది. కాగిన్స్ పరీక్ష (గుర్రాలకొచ్చే అంటు రక్తహీనత ఉందో లేదో చెప్పేది) కాగితం చూడండి. హెచ్‌వైపీపీ (కండరాల జబ్బు) లాంటి జన్యు లోపాల పరీక్ష ఫలితాలు అడగండి. అమెరికన్ క్వార్టర్ హార్స్ అసోసియేషన్ సర్టిఫికెట్ మీద ఉన్న యజమాని పేరు, మీకు అమ్ముతున్నవారి పేరు ఒకటేనా, ట్రాన్స్‌ఫర్ ఫారం మీద ఆయన సంతకం ఉందా చూశాకే డబ్బు చేతికివ్వండి. అడ్వాన్స్ ఇస్తే, డాక్టర్ పరీక్షలో తేడా వస్తే వాపసు అని రాయించుకోండి.

ఒక క్లయింటుతో నేనూ ఇలాగే వెళ్లాను. మేం చేరేసరికే గుర్రం జీనుతో సిద్ధంగా ఉంది. జీను కింద చెయ్యి పెడితే తడి. అప్పటికే బాగా తిప్పి అలసగొట్టారన్నమాట. నాలుగు రోజుల తర్వాత, మేం వచ్చేదాకా జీను కట్టొద్దని చెప్పి వెళ్తే, పొట్టపట్టీ బిగించబోయేసరికి పళ్లు చూపించి మీదికొచ్చింది. మా క్లయింటు కూతురికి అప్పుడు పన్నెండేళ్లు. మీరూ రెండుసార్లు వెళ్లండి, కట్టుగొయ్య దగ్గర నుంచి జీను కట్టేదాకా దగ్గరుండి చూడండి.

ట్యాక్సు మాట మర్చిపోండి. పాప సరదాగా ఎక్కే గుర్రం సొంత ఖర్చే. గుర్రాల వ్యాపారమని చెప్పాలంటే నిజంగా లాభం కోసం నడపాలి, ఏడేళ్లలో రెండేళ్లయినా లాభం వస్తే ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) మామూలుగా వ్యాపారమనే అనుకుంటుంది. పైగా మీది గెల్డింగ్, పిల్లల్ని పుట్టించేదీ లేదు.

ఈ లెక్క మీరూ మీవారూ చూసి పక్కన పెట్టేయకండి. పాపను కూర్చోబెట్టి కాగితం మీద వేసి చూపించండి. లీజు రోజుల్లో పేడ ఎత్తడం, గిట్టలు శుభ్రం చేయడం తనకే అప్పజెప్పండి.