కిట్ విమానానికి ఆటోనగర్ సామాను వాడొచ్చా? వైరింగ్ రెండుసార్లు వేసిన అనుభవంతో

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: గుంటూరు దగ్గర షెడ్డులో మీ మావయ్య గారు రెండు సీట్ల అల్యూమినియం కిట్ విమానం (భాగాలు విడిగా వస్తే మనమే బిగించుకునేది) కడుతున్నారు. ఇంజన్ రోటాక్స్ 912. ఎలక్ట్రికల్ సామాను మొత్తం బయటి దేశం నుంచి తెప్పిస్తే ఖర్చు తడిసి మోపెడవుతోంది. అందుకని ఇక్కడి ఆటోమొబైల్ షాపుల్లో ఏవి కొనొచ్చు, ఏవి కొనకూడదు అని అడుగుతున్నారు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో 22 ఏళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. లారీలు, బస్సులు, జేసీబీలు. నాలుగేళ్ల కిందట మా పెద్దబావగారు కంకిపాడు దగ్గర ఒక షెడ్డు తీసుకుని కిట్ విమానం మొదలుపెట్టారు. "ఇన్ని లారీలకు వేసినవాడివి, దీనికి వెయ్యలేవా?" అని వైరింగ్ నాకు అప్పజెప్పారు. వేశాను. ఎనిమిది నెలల తర్వాత ఆ వైరింగ్ అంతా పీకేసి, మళ్లీ మొదటి నుంచి వేశాను. మీరు రెండోసారి వెయ్యాల్సిన పని లేకుండా ఉండాలనే ఇంత పెద్దగా రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. బ్లేడ్ ఫ్యూజులు, మంచి కంపెనీ రిలేలు, బ్యాటరీ కేబుల్, హీట్ ష్రింక్ స్లీవులు ఇక్కడే కొనొచ్చు. మిగతా వైరు అంతా, మాస్టర్ కాంటాక్టర్ (బ్యాటరీని మొత్తం సిస్టమ్‌కు కలిపే, విడదీసే పెద్ద రిలే) మాత్రం ఏవియేషన్‌వే కొనండి. డబ్బు చాలకపోతే ప్యానెల్‌లో ఎత్తు, వేగం చూపించే స్క్రీను చిన్నది పెట్టుకోండి గానీ, ఈ రెండిటి దగ్గర తగ్గొద్దు.

ఎందుకో చెప్తాను. మొదటిసారి నేను లారీలకు వాడే పీవీసీ వైరే వేశాను. ల్యాండింగ్ లైటుకు 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు, దానికి 20 ఆంపియర్ల ఫ్యూజు. లారీల దగ్గర అలవాటది. చిన్న ఫ్యూజు వేస్తే దారిలో పోయిందని డ్రైవర్లు తిడతారు, అందుకని ఒక సైజు పెద్దదే వేస్తాం. ఒకరోజు ఇంజన్ నేల మీద నడుపుతున్నాం, లైటు వేసి ఉంది. రెక్క మొదట్లో ఒక రిబ్బు (రెక్క లోపలి అడ్డపలక) అంచుకు వైరు రాసుకుని, తొడుగు తెగి, బాడీకి తగులుతోంది. పూర్తి షార్ట్ అయితే ఫ్యూజు వెంటనే పోయేది. అది సగం సగం తగులుతోంది. 20 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజు 27 ఆంపియర్ల దగ్గర పోవడానికి కొన్ని నిమిషాలు కూడా పట్టొచ్చు. ఈ లోపల వైరు ఉడికిపోయింది. పక్కనున్న వైర్లూ అతుక్కుపోయాయి. కాక్‌పిట్ నిండా పొగ. కళ్లు మండిపోయాయి, దగ్గు ఆగలేదు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, అది తేమ తగిలితే యాసిడ్. మేం నేల మీద ఉన్నాం కాబట్టి పైకప్పు తెరిచి దిగిపోయాం. లారీ అయితే పక్కకు ఆపుతారు. వెయ్యి అడుగుల ఎత్తులో పక్కకు ఆపేదేముంది? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బావగారు ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఇంకా బాధ అనిపించింది.

ఆ రోజు నుంచి నాకు బాగా నాటుకున్న సంగతి: ఫ్యూజు పెట్టేది లైటును కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. వైరు ఎంత మొయ్యగలదో దానికి మించిన ఫ్యూజు ఎప్పుడూ పెట్టకూడదు. మేం ఇప్పుడు పాటించేది ఇది: 22 గేజ్‌కు 5 ఆంపియర్లు, 20 గేజ్‌కు 7, 18 గేజ్‌కు 10 (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు). రబ్బరు గ్రోమెట్ లేని రంధ్రంలోంచి ఒక్క వైరు కూడా పోనివ్వను.

వైరు సంగతి. విమానాల్లో వాడేది టెఫ్‌జెల్ అనే వేడికి తట్టుకునే ప్లాస్టిక్ తొడుగు ఉన్న, తగరం పూత వేసిన రాగి వైరు. దాని మీద ఎం22759/16 అని అచ్చు ఉంటుంది. ఆ తర్వాత గేజ్, రంగు అంకె ఉంటాయి. ఉదాహరణకు చివర 20-9 అని ఉంటే 20 గేజ్, తెలుపు. అచ్చు లేని వైరును ఎవరు ఏ పేరు చెప్పి అమ్మినా తీసుకోవద్దు. ఇది 150 డిగ్రీల వేడి వరకు తట్టుకుంటుంది. మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీలకే. మే నెలలో మన దగ్గర బయట 45 ఉంటే, మూసి ఉన్న కాక్‌పిట్ ప్యానెల్ వెనక నేను థర్మామీటర్ పెట్టి చూస్తే 63 చూపించింది. అంటే కరెంటు పారకముందే పీవీసీ తన హద్దు దగ్గరికి వచ్చేసింది. టెఫ్‌జెల్ కాలితే వచ్చే పొగా మంచిది కాదు, కానీ దాన్ని కాలేదాకా తేవడం చాలా కష్టం. పైగా తొడుగు పలచన, కట్ట మొత్తం బరువు బాగా తగ్గుతుంది. మన షాపుల్లో చదరపు మిల్లీమీటర్లలో చెప్తారు కాబట్టి గుర్తుంచుకోండి: 22 గేజ్ అంటే దాదాపు 0.33, 20 అంటే 0.5, 18 అంటే 0.8, 16 అంటే 1.3, 14 అంటే 2.

సైజు ఎంచుకునేటప్పుడు వేడి ఒక్కటే చూస్తే చాలదు, ఓల్టేజీ ఎంత పడిపోతుందో కూడా చూడాలి. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ వాళ్ల ఏసీ 43.13-1బి అనే మార్గదర్శక పత్రంలో 14 ఓల్టుల సిస్టమ్‌కు, ఎప్పుడూ నడిచే లోడు అయితే అర ఓల్టు, కాసేపు నడిచేదైతే ఒక ఓల్టు దాకా పడొచ్చని ఉంది. మా పాత 55 వాట్ల హాలోజన్ లైటు తీసుకుందాం. 4 ఆంపియర్లు, దూరం 5 మీటర్లు. 20 గేజ్ మీటరుకు 33 మిల్లీఓములు. 33 ఇంటూ 5 ఇంటూ 4, అంటే 0.66 ఓల్టు. వేడికి తట్టుకుంటుంది గానీ ఓల్టేజీకి తప్పింది. 18 గేజ్ మీటరుకు 21 మిల్లీఓములు, 0.42 వచ్చింది, సరిపోయింది. ఇది అల్యూమినియం బాడీ ద్వారా ఎర్త్ తిరిగి వస్తుంది కాబట్టి. ఫైబర్ బాడీ అయితే ఎర్త్‌కు కూడా వైరు లాగాలి, దూరం రెట్టింపు, అప్పుడు 14 గేజ్‌కు పోవాల్సిందే.

దీనికి ముందు మీరు చెయ్యాల్సిన పని ఒక తెల్లకాగితం మీద లోడు లెక్క. మాది చెప్తాను: స్క్రీను 1.5, రేడియో వినేటప్పుడు 0.5, ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు మన విమానాన్ని తెలిపే పరికరం) 1, ఎలక్ట్రిక్ పంపు 1.5, రెక్కల లైట్లు 3, ల్యాండింగ్ లైటు 4, కాంటాక్టర్ కాయిల్ 1, ఫోన్ చార్జింగ్ 2. మొత్తం 14.5 ఆంపియర్లు. రోటాక్స్ 912 యుఎల్‌ఎస్‌లో ఉన్న జనరేటరు 250 వాట్లు, అంటే సుమారు 18 ఆంపియర్లు, అదీ ఇంజన్ పూర్తి ఊపులో ఉన్నప్పుడు. ట్యాక్సీ చేసేటప్పుడు అంత రాదు. ఉన్నదాంట్లో 80 శాతం మించి వాడకూడదనుకుంటే 14.4. మా లెక్క దాటిపోయింది. హాలోజన్ తీసేసి 2 ఆంపియర్ల ఎల్ఈడీ పెట్టాం, ఊపిరి పీల్చుకున్నాం. ఈ కాగితం జాగ్రత్తగా దాచండి, మున్ముందు తనిఖీకి వచ్చేవాళ్లు అడిగినా పనికొస్తుంది.

మాస్టర్ కాంటాక్టర్ దగ్గర చాలామంది పొరపాటు పడతారు, నేనూ పడ్డాను. సెల్ఫ్ మోటారుకు వాడే సాలినాయిడూ, మాస్టర్‌కు వాడే కాంటాక్టరూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. మొదటిది కొన్ని సెకన్లు పని చెయ్యడానికి చేసింది, రెండోది గంటల తరబడి. సెల్ఫ్‌ది మాస్టర్‌గా పెడితే 20 నిమిషాలకే చెయ్యి పెట్టలేనంత కాలిపోయింది. కొనేటప్పుడు 'కంటిన్యువస్ డ్యూటీ' అని రాసి ఉందా అని చూడండి. ఇంకో సంగతి, మా ఆటోనగర్‌లో సగం సామాను లారీలది, అంటే 24 ఓల్టులది. రిలే కొంటే కాయిల్ 12 ఓల్టులేనా అని తప్పనిసరిగా అడగండి. కాంటాక్టర్ కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడ్ ఒకటి వెయ్యండి, గీత ఉన్న వైపు పాజిటివ్‌కు. రెండు రూపాయల వస్తువు. అది లేకపోతే స్విచ్ ఆపిన ప్రతిసారీ కాయిల్ ఎదురు తన్నే ఓల్టేజీ మాస్టర్ స్విచ్ పాయింట్లను మాడ్చేస్తుంది.

స్విచ్చుల మీద '6 ఆంపియర్లు 250 ఓల్టులు' అని ఉంటే అది ఏసీకి. ఏసీలో కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది, నిప్పురవ్వ దానంతటదే ఆరిపోతుంది. డీసీలో ఆరదు, పాయింట్లు అతుక్కుంటాయి. డీసీ రేటింగ్ విడిగా రాసి ఉన్నవే తీసుకోండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, మన ఊళ్ల ఎండకు సంబంధించినది: రెగ్యులేటర్ రెక్టిఫయర్, అంటే జనరేటరు కరెంటును డీసీగా మార్చి ఓల్టేజీని అదుపులో పెట్టే డబ్బా. మొదటి వేసవిలో, ఇంజన్ నేల మీద ముప్పావు గంట నడిపాక, ఓల్టేజీ 14 నుంచి 12.3కు జారింది. చార్జింగ్ లేదు. రెగ్యులేటర్ పోయింది. మేం దాన్ని ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ కాక్‌పిట్‌కూ మధ్య పలక) మీద, సైలెన్సర్ వేడి నేరుగా తగిలే చోట బిగించాం. రోటాక్స్ మాన్యువల్ ప్రకారం దాని బాడీ వేడి 80 డిగ్రీలు దాటకూడదు. చలిదేశంలో కట్టినవాళ్ల ఫొటో చూసి మనం అదే చోట పెడితే కుదరదు. ఇప్పుడు దాన్ని సైలెన్సర్‌కు దూరంగా జరిపి, కౌలింగ్ (ఇంజన్ మీది మూత) ముందు నుంచి ఒక అంగుళం గొట్టంతో చల్లగాలి నేరుగా దాని రెక్కల మీదికి వదిలాం. కింద మందపాటి అల్యూమినియం పలక, మధ్యలో హీట్ సింక్ పేస్టు. పక్కన ఉష్ణోగ్రత స్టిక్కర్ అంటించాను, ప్రతి రన్ తర్వాత చూస్తాను. 22,000 మైక్రోఫారడ్ కెపాసిటర్ మాన్యువల్‌లోనే ఉంది, అది వదిలెయ్యొద్దు. ఇంకో మాట: రెగ్యులేటర్ మీద 'సి' అని ఉండే కాలు బ్యాటరీ ఓల్టేజీని చూసేది. ఆ దారిలో తుప్పు పట్టిన లగ్గో, వదులు స్విచ్చో ఉంటే అది తక్కువ ఓల్టేజీ ఉందనుకుని చార్జింగ్ పెంచేస్తుంది. బ్యాటరీ ఉబ్బుతుంది. ఆ ఒక్క వైరు మీద అనవసరమైన జాయింట్లు పెట్టకండి. ప్యానెల్‌లో 13 ఓల్టుల కిందికి పడగానే వెలిగే ఎర్రలైటు ఒకటి పెట్టండి. బ్యాటరీ ఖాళీ అయ్యాక తెలిస్తే లాభం లేదు.

బ్యాటరీ: మేం 16 ఆంపియర్-అవర్ల ఏజీఎం (సీలు వేసిన లెడ్ యాసిడ్ రకం) వేశాం, 7 కిలోలు ఉంటుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే రెండు మూడు కిలోల్లోనే వచ్చేస్తుంది, కానీ ఓవర్ ఓల్టేజీ వస్తే జనరేటరును విడదీసే ఏర్పాటు లేకుండా దాన్ని పెట్టొద్దని నా అభిప్రాయం. రోటాక్స్‌లోది శాశ్వత అయస్కాంతం జనరేటరు, మన డైనమోల్లా ఫీల్డు ఆపేస్తే ఆగిపోదు, మధ్యలో రిలే పెట్టి విడదీయాలి. యూపీఎస్ బ్యాటరీ మాత్రం వద్దు. సైజు, ఓల్టులు అన్నీ సరిపోయినట్టు కనిపిస్తాయి, సెల్ఫ్ లాగే కరెంటు ఇవ్వడానికి చేసింది కాదది.

లగ్గులు కొట్టడం: సోల్డర్ చెయ్యకండి. సీసం వైరు లోపలికి పాకి ఆ చివర గట్టిపడుతుంది, ఊపుడుకు సరిగ్గా అక్కడే తెగుతుంది. రాచెట్ క్రింపింగ్ ప్లయర్ కొనండి, పూర్తిగా నొక్కేదాకా వదలదు. ఇంజన్‌ను ఆపే కిల్ వైర్లు షీల్డ్ (పైన లోహపు అల్లిక) ఉన్నవే వెయ్యండి. ఆ వైరు ఎర్త్ అయితేనే ఇగ్నిషన్ ఆగుతుంది కాబట్టి, అది తెగిపోతే స్విచ్ ఆపినా ఇగ్నిషన్ బతికే ఉంటుంది. స్విచ్ ఆపి ఉంది కదా అని ప్రొపెల్లర్‌ను ముట్టుకోవద్దని షెడ్డులో అందరికీ చెప్పండి. పిల్లలు వస్తూ ఉంటే మరీను.

హెడ్‌ఫోన్‌లో కీచుమనే శబ్దం వస్తే, మైకు, ఫోను జాక్‌ల కింద ఫైబర్ వాషర్లు పెట్టి బాడీకి తగలకుండా చెయ్యండి. రేడియో, ఇంటర్‌కమ్ ఎర్త్‌లన్నీ ఒకే చోటికి తీసుకురండి. మాకు రెండు నెలల తలనొప్పి ఇలా ఒక్క పూటలో పోయింది.

ఫ్యూజా, బ్రేకరా అని కూడా అడిగారు. నేను ఫ్యూజులకే ఓటు వేస్తాను. గాలిలో ఉండగా ఫ్యూజు మార్చాల్సిన అవసరమే రాకుండా కట్టాలి. ఏ ఒక్కటి పోయినా దిగడానికి కావలసినది ఇంకో దారిలో నడవాలి. అందుకే మేం మాస్టర్ కాంటాక్టర్‌తో సంబంధం లేకుండా, బ్యాటరీ నుంచి నేరుగా ఇంకో స్విచ్‌తో స్క్రీను, రేడియో, ట్రాన్స్‌పాండర్‌కు వేరే బస్ (కరెంటు పంచే పట్టీ) పెట్టాం. చార్జింగ్ పోతే మాస్టర్ ఆపేసి దాన్ని వేస్తే 3 ఆంపియర్లే ఖర్చు. బ్యాటరీ సగం బలంతో ఉన్నా రెండు గంటల పైనే వస్తుంది.

ఇక్కడ నాకు మీ నుంచి ఒకటి తెలియాలి. మీ మావయ్య గారిది 912 యుఎల్‌ఎస్సా, 912 ఐఎస్సా? యుఎల్‌ఎస్ అయితే ఇగ్నిషన్ తన కరెంటు తనే పుట్టించుకుంటుంది, పెట్రోలు పంపు కూడా ఇంజన్‌తోనే తిరుగుతుంది. కరెంటు మొత్తం పోయినా ఇంజన్ నడుస్తుంది. ఐఎస్ ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజన్, కరెంటు లేకపోతే ఆగిపోతుంది, అందుకే దానికి లోపల రెండు జనరేటర్లు ఉంటాయి. బెంగళూరు ఎన్ఏఎల్ (నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్) వాళ్ల రెండు సీట్ల శిక్షణ విమానం హంస-ఎన్‌జీలో ఉన్నది ఆ రకమే. ఐఎస్ అయితే పైన నేను చెప్పిన బస్ అమరిక దానికి పనికిరాదు, రోటాక్స్ ఇచ్చిన డ్రాయింగే అక్షరాలా పాటించాలి. ఏ ఇంజనో చెప్పి, లోడు లెక్క కాగితం ఫొటో పెట్టండి. ఆదివారం షాపు సెలవు, కూర్చుని వైరు సైజులన్నీ ఒక్కొక్కటిగా చూసి చెప్తాను.