పిప్ పాయింట్లు తగ్గితే ఇంటి అద్దె సాయం ఎందుకు తగ్గింది?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో, మిడ్‌లాండ్స్‌లో ఉంటాం. అందరివీ బ్రిటిష్ పాస్‌పోర్టులే. మా వారికి 46 ఏళ్లు. మూడేళ్ల కిందట స్ట్రోక్ వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు సరిగా పనిచెయ్యవు. ఇద్దరు మగపిల్లలు, 11, 8 ఏళ్లు. నేను ఫార్మసీలో వారానికి 14 గంటలు పనిచేస్తాను. రాత్రిళ్లు ఆయనకు కండరాలు పట్టేసి నిద్ర ఉండదు, వేరే గదిలో పడుకుంటారు. అందుకే మూడు బెడ్‌రూమ్‌ల ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఇప్పుడు రివ్యూలో పిప్ (వికలాంగులకు ప్రభుత్వం ఇచ్చే సాయం) డైలీ లివింగ్ భాగానికి, అంటే రోజువారీ పనులకిచ్చేదానికి, 6 పాయింట్లే ఇచ్చి ఆపేశారు. నడకకు ఇచ్చేది ఉంచారు. ఆయన్ను చూసుకుంటున్నందుకు నాకు వచ్చే కేరర్స్ అలవెన్స్ పోయింది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్‌లో అద్దె భాగం కూడా నెలకు 120 పౌండ్ల దాకా తగ్గింది. ఉత్తరం వచ్చి మూడు వారాలైంది, ఆ కాగితం పంపుతున్నాను. స్నేహితుల చిట్టీకి నెలకు 150 పౌండ్లు కడుతున్నాను. ఫిజియోథెరపీకి ఆయన్ను మూడు నెలలు హైదరాబాద్ తీసుకెళ్లాలని అత్తగారు అంటున్నారు. కరీంనగర్‌లో మామగారి ఇంటిస్థలం 35 లక్షలు చేస్తుంది, దాన్ని మా వారి పేర రిజిస్టర్ చేస్తానంటున్నారు. తీసుకుని అమ్మి, అద్దెకు వాడుకోమంటారా?

జవాబు: స్థలం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ ఉత్తరం మీద తేదీ చూడండి. ఆ తేదీ నుంచి నెలలోపు మ్యాండేటరీ రీకన్సిడరేషన్, అంటే ఆ నిర్ణయాన్ని మళ్లీ చూడమని, అడగాలి. మూడు వారాలు అయిపోయాయంటే మీకు మిగిలింది వారమే. ఆలస్యమైతే తగిన కారణం చూపించి అడగొచ్చు గానీ, ఆ తలనొప్పి మీకెందుకు?

మీకు మూడు చోట్ల డబ్బు తగ్గింది, కానీ కోత పడింది ఒక్కచోటే. 2025-26 రేట్ల ప్రకారం పిప్ డైలీ లివింగ్ స్టాండర్డ్ వారానికి 73.90 పౌండ్లు, నెలకు 320. దాన్ని పట్టుకునే మిగతావి ఉన్నాయి. ఆయనకు డైలీ లివింగ్ ఉంటేనే మీకు కేరర్స్ అలవెన్స్, యూనివర్సల్ క్రెడిట్‌లో కేరర్ ఎలిమెంట్ (చూసుకునేవాళ్లకు కలిపే భాగం) వస్తాయి. ఇక గది విషయం. మామూలుగా భార్యాభర్తలకు ఒక గది, పదహారేళ్లలోపు ఇద్దరు మగపిల్లలకు ఒక గది, అంతే లెక్క. జబ్బు వల్ల దంపతులు ఒకే గదిలో పడుకోలేకపోతే ఇంకో గదికి ఒప్పుకుంటారు, కానీ దానికీ డైలీ లివింగ్ ఉండాలి. అది పోగానే మిమ్మల్ని మూడు గదుల రేటు నుంచి రెండు గదుల రేటుకు దించారు. ఇంటి ఓనరు అద్దె మాత్రం దించడు కదా. పైగా ప్రైవేటు అద్దెలకు లెక్కగట్టే లోకల్ హౌసింగ్ అలవెన్స్‌ను 2024 ఏప్రిల్‌లో పెంచి, ఆ తర్వాత కదల్చకుండా అక్కడే ఉంచేశారు.

ఒక్క ఊరట. కేరర్స్ అలవెన్స్ (2025-26లో వారానికి 83.30 పౌండ్లు) పోయిందని మీరు బాధపడుతున్నారు గానీ, అది వస్తున్నన్నాళ్లూ యూనివర్సల్ క్రెడిట్‌లో పైసాతో సహా కోసేవారు. ఇప్పుడు ఆ కోత ఆగాలి. మీ ఆన్‌లైన్ స్టేట్‌మెంట్ తెరిచి ఇంకా కోస్తున్నారేమో చూడండి, కోస్తుంటే జర్నల్‌లో (ఆ ఆన్‌లైన్ ఖాతాలో సందేశాలు రాసే చోట) రాయండి. మీకు నిజంగా పోయేది కేరర్ ఎలిమెంట్, 2025-26 లెక్కలో నెలకు 201.68. అన్నీ కలిపితే నెలకు 640 పౌండ్ల దాకా తేలుతుంది. మొబిలిటీ (నడకకు ఇచ్చే భాగం) ఉంచారు కాబట్టి బెనిఫిట్ క్యాప్ (ఇంటికి వచ్చే సాయం మొత్తానికి పెట్టిన పరిమితి) మాత్రం మీకు తగలదు.

ఇదంతా రెండు పాయింట్ల తేడా. 8 వస్తే స్టాండర్డ్ రేటు, మీ వారికి 6 ఇచ్చారు. మీరు పంపిన కాగితంలో వంటకు 2, స్నానానికి 2, బట్టలు వేసుకోవడానికి 2 ఉన్నాయి. నేనైతే వంట దగ్గర పట్టుకుంటాను. ఏదైనా సాధనం వాడి వండుకోగలిగితే 2 పాయింట్లు. పక్కన మనిషి సాయం చేయాలన్నా, కనిపెట్టుకుని ఉండాలన్నా 4. వాళ్ల లెక్కలో వంటంటే పచ్చి కూరగాయలు తరిగి ఒక మనిషికి ఒక పూట వండటం. మీ ఇంట్లో ఉల్లిపాయ ఎవరు తరుగుతారు? గిన్నె ఎవరు దించుతారు? ఎడమ చేతికి పట్టు లేని మనిషి వేడి గిన్నె ఒంటిచేత్తో ఎత్తితే ఏమవుతుందో మీకు తెలుసు. అదే రాయండి. ఏ తారీఖున ఏం జరిగింది, ఎక్కడ కాలింది, ఎవరు చూశారు. సగం కంటే ఎక్కువ రోజులు ఎలా ఉంటుందన్నదే లెక్క. ఆ పనిని భద్రంగా, సరిగ్గా, మళ్లీ మళ్లీ చేయగలగాలి, మామూలు మనిషికి పట్టేదానికి రెట్టింపు సమయం మించకూడదు. నిబంధనల్లో ఉన్న మాటలే ఇవి.

ఇక్కడ మనవాళ్ల అలవాటొకటి చెప్పాలి. ఫోన్‌లో అసెసర్ (పిప్ కోసం పరిస్థితి అడిగి రాసుకునే మనిషి) ‘వంట చేసుకుంటారా?’ అంటే మనం ‘ఆఁ, ఏదో మ్యానేజ్ అవుతున్నాం’ అంటాం. అది మర్యాద కోసం అనే మాట. అవతలివాళ్లు దాన్ని ‘చేయగలరు’ అని రాసుకుంటారు. అసెసర్ రాసిన పూర్తి రిపోర్టు అడిగి తెప్పించుకోండి, ఆ మాట అందులో ఎక్కడో దొరుకుతుంది. రీకన్సిడరేషన్‌లో చాలామందికి పాత జవాబే వస్తుంది. అక్కడితో వదిలేయకండి. ఇంకో నెలలోపు ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు, అక్కడ విచారణ దాకా వెళ్లిన పిప్ కేసుల్లో సగానికి పైగా అర్జీదారే గెలుస్తున్నారు. ఫీజు లేదు. ఊళ్లో సిటిజన్స్ అడ్వైస్ (ఉచితంగా సలహా ఇచ్చే సంస్థ) ఉంటే ఫారం వాళ్ల చేత చూపించుకోండి. గెలిస్తే పాత బాకీ ఒకేసారి వస్తుంది, దాన్ని ఏడాదిపాటు సేవింగ్స్ కింద లెక్కపెట్టరు.

ఒకే పనిలో 4 పాయింట్లు రాకపోతే పిప్ ఇవ్వరని వాట్సాప్‌లో తిరుగుతున్నది మీరు నమ్మకండి. ప్రభుత్వం 2025 మార్చిలో అలా ప్రతిపాదించిన మాట నిజమే. సొంత పార్టీ ఎంపీలే తిరగబడేసరికి జులైలో పక్కన పెట్టింది.

ఇప్పుడు స్థలం. వద్దు. ఇప్పుడైతే అసలే వద్దు. పిప్‌కు ఆస్తితో సంబంధం లేదు గానీ, యూనివర్సల్ క్రెడిట్‌కు ఉంది. మీ ఇద్దరి సేవింగ్స్, ఆస్తి కలిపి 16,000 పౌండ్లు దాటితే మొత్తం ఆగిపోతుంది, అద్దె భాగంతో సహా. కరీంనగర్‌లో ఉన్నా కవెంట్రీలో ఉన్నా ఆస్తి ఆస్తే. 35 లక్షలు ఎలా లెక్కేసినా ఆ గీత దాటుతుంది. ఇంకో చిక్కుంది. మీ వారికి వచ్చే హెల్త్ ఎలిమెంట్ (జబ్బు వల్ల పని చేయలేనివాళ్లకు యూనివర్సల్ క్రెడిట్‌లో కలిపే భాగం) 2025-26లో నెలకు 423 పౌండ్లు. 2026 ఏప్రిల్ నుంచి కొత్తగా చేరేవాళ్లలో చాలామందికి అది 217 మాత్రమే, పాతవాళ్లకు రక్షణ ఉంది. ఆస్తి వల్ల క్లెయిమ్ తెగి, ఆ డబ్బు అయిపోయాక మళ్లీ పెట్టుకుంటే పాత రేటు దొరుకుతుందన్న భరోసా లేదు.

స్థలం మామగారి స్వార్జితమైతే అది ఇంకా ఆయనదే, ఆయన పేరనే ఉండనివ్వండి. అందులో దాపరికం ఏమీ లేదు. ఒకసారి మీ పేర రాయించుకుని, భయపడి తమ్ముడి పేరకు మార్చారా, అప్పుడు మాత్రం మీ దగ్గరే ఉన్నట్టు లెక్కగడతారు. ఆయన వీలునామా రాయాలనుకుంటే మనవళ్ల పేర రాసే వీలుంది, పిల్లల ఆస్తిని మీ యూనివర్సల్ క్రెడిట్‌లో కలపరు. దీనికి అక్కడ మంచి లాయరును అడగమనండి. అన్నట్టు, మీరు నెలకు 150 పౌండ్లు కడుతున్నానన్న స్నేహితుల చిట్టీ కూడా సేవింగ్సే. ఎత్తిన నెలలో బ్యాంకులో ఉన్నదానితో కలిపి 6,000 దాటితే, పైన ప్రతి 250కి నెలకు 4.35 పౌండ్లు కోస్తారు.

ఫిజియోథెరపీకి ఆయన్ను మూడు నెలలు హైదరాబాద్ తీసుకెళ్లాలని అత్తగారు అంటున్నారట. వైద్యం కోసమని ముందే జర్నల్‌లో రాసి, డాక్టరు ఉత్తరం పెట్టండి. మామూలు ప్రయాణానికి యూనివర్సల్ క్రెడిట్ నెలే ఇస్తుంది, పిప్ 13 వారాలు. అప్పీల్ నడుస్తుండగా మాత్రం కదలొద్దు.

ఈ లోపు అద్దె గండానికి క్రెడిట్ కార్డు తియ్యకండి. కౌన్సిల్‌కు ఫోన్ చేసి, పిప్ మీద రీకన్సిడరేషన్ నడుస్తోంది, అద్దెకు నెలకు 120 తక్కువ పడుతోంది అని చెప్పి హౌసింగ్ సాయం అడగండి. ఆ ఫోన్లోనే కౌన్సిల్ ట్యాక్స్‌లో వికలాంగుల తగ్గింపు గురించి కూడా అడగండి. ఆయన జబ్బు కోసమే వాడుతున్న గది అవసరమైనదని తేలితే ఒక బ్యాండు (పన్ను మెట్టు) దించుతారు. ఓనరుకు ఈ నెల ఎంత కట్టగలరో అంత కట్టి, మిగతాది ఎప్పుడిస్తారో మెసేజ్‌లో రాసి పెట్టండి, మాటతో వదిలేయొద్దు.