ఆర్వోఎఫ్‌ఆర్ (అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చే) పట్టా అర్జీ ‘రిజెక్ట్’ అయిందన్నారు, కాగితం మాత్రం ఇవ్వలేదు. ఇప్పుడేం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: ఆత్మకూరు వైపు చెంచుగూడెం. మీ నాయన కాలం నుంచి మూడెకరాలు సాగులో ఉంది. 2010లో ఆయన పట్టాకు అర్జీ పెట్టారు. శాటిలైట్ ఫోటోలో సాగు కనబడలేదని కొట్టేసినట్టు నోటిమాటగా తెలిసింది. పైగా తేనె, చింతపండు తెస్తుంటే చెక్‌పోస్టు దగ్గర ఆపుతున్నారు. ఈ రెండింటినీ కలిపి ఒకే అర్జీలో రాయొద్దు. భూమిది ఫారం-ఎ, అడవి పంటది ఫారం-బి. కలిపి రాస్తే రెండూ ఆగిపోతాయి.

ముందు భూమి. నోటిమాటతో ‘రిజెక్ట్’ అన్నారంటే మీ అర్జీ ఇంకా తేలనట్టే లెక్క. అటవీ హక్కుల చట్టం 2006ది, నియమాలు 2008వి, వాటికి పెద్ద సవరణ 2012లో జరిగింది. ఆ సవరణలో వచ్చిన 12ఎ నియమం ప్రకారం అర్జీని కొట్టేసినా, విస్తీర్ణం తగ్గించినా కారణాలు రాసి అర్జీదారుకు స్వయంగా తెలపాలి. దాని మీద 60 రోజుల్లో పై కమిటీకి పిటిషన్ వేసుకోవచ్చు. కమిటీ ఒప్పుకుంటే ఇంకో 30 రోజులు కలుస్తాయి. మీకు కాగితమే అందలేదు కాబట్టి గడువు దాటిందనే మాటకు ఇదే మీ జవాబు. చాలామంది పాతది పోయిందిలే అని కొత్త ఫారం-ఎ ఇస్తారు. గ్రామసభ అర్జీలు పిలిచినప్పటి మూడు నెలల గడువు ఎప్పుడో అయిపోయిందని దాన్ని తిప్పి పంపుతారు. 2010 అర్జీ పట్టుకునే నడవండి.

మొదటి పని సమాచార హక్కు దరఖాస్తు. సబ్ డివిజన్ స్థాయి కమిటీకి ఆర్డీఓ, జిల్లా స్థాయి కమిటీకి కలెక్టరు అధ్యక్షులు. 2022 ఏప్రిల్ నుంచి మీ వైపు నంద్యాల జిల్లాలో ఉంది, కానీ అర్జీ కర్నూలు జిల్లాగా ఉన్నప్పటిది. అందుకని నంద్యాల, కర్నూలు కలెక్టరేట్లు రెండింటికీ, ఆత్మకూరు ఆర్డీఓకూ, శ్రీశైలం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ)కూ విడివిడిగా పెట్టండి. అడగాల్సినవి నాలుగే: గ్రామసభ తీర్మానం నకలు, మ్యాపుతో సహా అటవీ హక్కుల కమిటీ స్థల పరిశీలన నివేదిక, సబ్ డివిజన్ కమిటీ మినిట్స్, తిరస్కరణ సంగతి మీ నాయనకు అందినట్టు ఆయన సంతకమో వేలిముద్రో ఉన్న రసీదు. ఆఖరిదే మీ ఆయుధం. అది లేదని వాళ్లే రాసిచ్చారంటే సగం పని అయినట్టే. తెల్ల రేషన్ కార్డు (ఇప్పటి బియ్యం కార్డు) నకలు జత చేస్తే ఫీజు కట్టక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి.

ఇక శాటిలైట్ సంగతి. ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడుగా పనికొస్తుందే తప్ప వాటి బదులు కాదని 12ఎలోనే ఉంది. పిటిషన్‌లో ఆ ఒక్క వాక్యంతో ఆపకండి, ఎందుకు కనబడలేదో కూడా రాయండి. లిస్-3 అనే ఉపగ్రహ కెమెరా తీసిన చిత్రాల్లో ఒక్కో చుక్క 23.5 మీటర్ల చదరం. మూడెకరాలంటే అలాంటి చుక్కలు 22 మాత్రమే. మీ చేల్లో ఇప్ప, చింత చెట్లు నరక్కుండా వాటి మధ్యనే కొర్ర, జొన్న వేస్తారు. పై నుంచి చూస్తే చెట్ల నీడే కనబడుతుంది. వానలు లేని ఏడు బీడు పెడతారు. ఎండాకాలంలో తీసిన చిత్రమైతే వర్షాధారపు చేనుకూ బోడి నేలకూ తేడా తెలియదు. చిత్రం ఏ తేదీది, ఏ ఉపగ్రహానిది అని అడగండి. ఫైలులో తేదీ లేని ప్రింటు మాత్రమే ఉంటే ఆ లోపాన్నీ పిటిషన్‌లో చూపండి.

సాక్ష్యాలు 13వ నియమంలోని రకాల్లో కనీసం రెండు కావాలి. చూపాల్సింది 2005 డిసెంబరు 13 నాటికి భూమి మీ స్వాధీనంలో ఉందని. ఇవాళ్టి పంట ఫోటో ఒక్కటీ దాన్ని రుజువు చేయదు. పాత రేషన్ కార్డు, ఓటరు జాబితా నకలు మీరు గూడెంలో ఉన్నారని చెబుతాయి. ఈ చేను మీదేనని చెప్పేవి వేరు: రాళ్లు పేర్చిన గట్లు, చదును చేసిన మడి, బావి, చేను పక్కనే పెద్దల సమాధులు. అడవి కొట్టి సాగు చేశారని 2005కు ముందు ఎప్పుడైనా మీ నాయన మీద కేసు రాసి జరిమానా కట్టించుకున్నారా? ఆ రసీదు పారేయకండి. అప్పట్లో శిక్షగా వచ్చిన కాగితం ఇప్పుడు స్వాధీనానికి సాక్ష్యం. అది లేనంత మాత్రాన అర్జీ కొట్టేయకూడదని కూడా నియమంలో ఉంది.

పెద్దల వాంగ్మూలం చాలాచోట్ల వీగిపోతుంది. కారణం చిన్నదే: చెప్పే పెద్దమనిషి అర్జీదారు అయి ఉండకూడదు, గూడెంలో ముసలివాళ్లందరికీ సొంత అర్జీలు ఉంటాయి. పక్క గూడెం పెద్దను పిలవండి. ‘చాలా ఏళ్లుగా’ అని రాయించొద్దు. ఫలానా కరువు ఏడు, ఫలానా బడి కట్టిన ఏడు అని కాలం తెలిసేలా రాయించండి.

మీరు ఎస్టీ కాబట్టి 75 ఏళ్ల నివాసం రుజువు అక్కర్లేదు. అది గిరిజనేతరులకు పెట్టిన షరతు. ఎవరైనా అడిగితే కుల ధ్రువీకరణ పత్రం చూపండి, చాలు.

కొలత దగ్గర జాగ్రత్త. చదరంగా ఉన్న మూడెకరాల చేనుకు చుట్టుకొలత సుమారు 440 మీటర్లు. జీపీఎస్ పట్టుకున్న మనిషి గట్టుకు 5 మీటర్లు లోపలగా నడిచాడంటే అరెకరం పైగా ఎగిరిపోతుంది. సర్వే రోజు ఇంటివాళ్లు తప్పక ముందు నడవాలి. ప్రతి మూలలో ఆగి, అక్కడి చెట్టో బండరాయో పంచనామాలో పేరుతో రాయించాలి. ఆకు రాలిన కాలంలో చేస్తే సిగ్నల్ నయం. ఫారెస్టువాళ్లకు ముందే రాతపూర్వకంగా తెలిపి, ఆ ఉత్తరం మీద ముద్ర వేయించుకోండి. లేకపోతే మా పరోక్షంలో కొలిచారంటారు.

అసలు చిక్కు గ్రామసభలో ఉంది. ఉమ్మడి కర్నూలు జిల్లా గూడేలు షెడ్యూల్డ్ ప్రాంతం (రాజ్యాంగం కింద గిరిజన ప్రాంతంగా ప్రకటించినది)లో లేవు. కృష్ణ దాటితే తెలంగాణ వైపు అమ్రాబాద్ గూడేలకు ఉన్న పెసా (గిరిజన గ్రామసభలకు అధికారాలిచ్చే చట్టం), 1/70 (గిరిజన ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే చట్టం) రక్షణలు ఇక్కడ పనిచేయవు. అటవీ హక్కుల చట్టానికి మాత్రం ఆ తేడా లేదు. అయినా పెద్ద పంచాయతీ గ్రామసభకే వెళ్తే మీరు పదో వంతు కూడా ఉండరు. వయోజనుల్లో సగంమంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి, అర్జీల మీద తీర్మానమైతే అర్జీదారుల్లో సగంమందైనా హాజరు కావాలి. పంచాయతీ మొత్తం మీద ఈ కోరం నిండదు, నింపినట్టు రాసుకున్న సంతకాలు తర్వాత బయటపడతాయి. చట్టంలో ‘గ్రామం’ అంటే పాత ఆవాసాలు, సర్వే కాని గూడేలు కూడా. మా గూడేన్ని విడి ఆవాసంగా జాబితాలో చేర్చమని 2ఎ నియమం కింద పంచాయతీ తీర్మానం చేయించి ఆర్డీఓకు పంపండి. అప్పుడు గూడెం గ్రామసభే 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీ వేసుకోవచ్చు. అందులో మూడింట రెండొంతులు ఎస్టీలు, మూడో వంతు ఆడవాళ్లు. సభ్యుడే అర్జీదారైతే తన అర్జీ పరిశీలనలో కూర్చోకూడదు. పాత కమిటీలో పోయినవాళ్ల పేర్లుంటే తీర్మానంతో కొత్తవాళ్లను వేసుకోండి.

అడవి పంట విషయం దీనికన్నా సులువు, కానీ ఎవరూ పట్టించుకోరు. తేనె, మైనం, తపసి బంక, చింతపండు, కుంకుడు, ఉసిరి, వెదురు కూడా చిన్నతరహా అటవీ ఉత్పత్తులే. వాటిని ఏరడం, వాడడం, అమ్మడం గిరిజనుల హక్కు. రాయల్టీ గానీ ఫీజు గానీ తీసుకోకూడదు. రవాణా పర్మిట్ గ్రామసభ కమిటీయే ఇవ్వాలని 2012 సవరణ చెబుతోంది. ఫారం-బిలో ‘తేనె వగైరా’ అని రాస్తే పనికిరాదు. ఏ వాగు, ఏ పెంట (చెంచుల ఆవాసం), ఏ నెలలో ఏది తెస్తారో పేరుపేరునా రాయండి. హక్కు పత్రం వచ్చేలోగా గిరిజన సహకార సంస్థ డిపోలో అమ్మిన రసీదులు దాచుకోండి. చెక్‌పోస్టులోనూ అక్కరకొస్తాయి, ఫారం-బికి సాక్ష్యమూ అవుతాయి.

పులుల అభయారణ్యం నడిమి భాగం (కోర్)లో ఉన్నా ఈ హక్కులు పోవు. హక్కులు తేల్చకుండా, గ్రామసభ రాతపూర్వక సమ్మతి లేకుండా తరలించకూడదు. అర్జీ పరిశీలన పూర్తయ్యేదాకా ఖాళీ చేయించకూడదని 4(5) సెక్షన్. తిరస్కరణకు గురైనవాళ్లను ఖాళీ చేయించమని 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాన్ని అదే నెల 28న కోర్టే ఆపింది. ఇంకా ఆ మొదటి వార్తే చెప్పి భయపెట్టేవాళ్లున్నారు.

పట్టా చేతికొస్తే అక్కడే నిలబడి చదివించుకోండి. భార్యాభర్తలిద్దరి పేర్లు ఉండాలి. నాలుగు హద్దులు ఉండాలి. అమ్మడానికి కుదరదు, వారసులకు వస్తుంది. విస్తీర్ణం హెక్టార్లలో ఉంటుంది, గరిష్ఠం 4. మీ మూడెకరాలకు 1.21 అని పడాలి. అక్కడ 0.21 కనబడితే సంతకం పెట్టకముందే దిద్దించండి.