కార్మెనేర్‌లో క్యాప్సికం వాసన: వైన్ పాడైనట్టు కాదు

చిలీ కార్మెనేర్ (ఆ పేరుగల ద్రాక్షతో చేసే రెడ్ వైన్) సీసా తెరిస్తే పచ్చి క్యాప్సికం వాసన కొట్టిందన్నారు కదండీ, టెన్షన్ పడకండి. అది ఆ ద్రాక్షలో సహజంగా ఉండే పైరజీన్లనే పదార్థాల వాసన. పండు ముదిరేకొద్దీ అవి తగ్గుతాయి, కానీ ఈ రకం మెర్లో అనే మరో ద్రాక్ష రకం కంటే కొన్ని వారాలు ఆలస్యంగా పండుతుంది. చిలీ రైతులేమో చాలాకాలం దీన్ని మెర్లో అనుకుని దానితోపాటే, పూర్తిగా పండకముందే కోసేసేవారు! 1994లో ఫ్రాన్స్ ద్రాక్ష నిపుణుడు జాన్ మిషెల్ బుర్సికో గుర్తుపట్టాకే సంగతి బయటపడింది.

ఇప్పటికి వైన్‌ని జగ్గులో పోసి అరగంట గాలి తగలనివ్వండి, పళ్ల వాసనలు పైకొస్తాయి. ఫ్రిజ్‌లో మరీ చల్లబరచకండి. కాల్చిన మాంసంతో తాగితే ఆ పచ్చిదనమే నచ్చుతుంది, నాకైతే అదే ఇష్టం. ఈసారి లేబుల్ మీద చిలీలోని కాచపోవల్ లోయలో ఉన్న పెయుమో పేరు వెతకండి, అక్కడ కార్మెనేర్ బాగా పండుతుంది. తడిసిన అట్టపెట్టె వాసనొస్తే మాత్రం కార్క్ దోషమే (బిరడా వల్ల వైన్ పాడవడం), షాపులో వెనక్కిచ్చేయండి.